తాళం తీసిన బీరువాలు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో విద్యార్థి అరల మధ్యకి వెళ్ళి తన చేత్తో పుస్తకం తీసుకోవడం ఇప్పుడు మామూలు సంగతి. వందేళ్ళ కిందట మన దేశంలో చాలాచోట్ల చీటీ రాసిచ్చి కౌంటర్ దగ్గర నిలబడాల్సిందే. పుస్తకం భద్రంగా ఉందా అన్నదే లెక్క, చదివేవాళ్ళున్నారా అన్నది కాదు.

1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్‌గా ఎస్.ఆర్. రంగనాథన్ వచ్చారు. అప్పటిదాకా లెక్కల మాస్టారు. పాఠకులు లేని చోట కొలువు విసుగనిపించి, మళ్ళీ కాలేజీకి పోతానన్నారు. ముందు లండన్ వెళ్ళి చూసి రమ్మన్నారు పెద్దలు. అక్కడి గ్రంథాలయాల పనితీరు చూశాక ఆయన మనసు మారిపోయింది. తిరిగొచ్చి అరలు విద్యార్థులకి తెరిచారు, పనివేళలు పెంచారు, వెతుక్కునేవాళ్ళకి సాయంగా సిబ్బందిని నిలబెట్టారు. పుస్తకాలున్నది వాడుకోవడానికే అన్న మాటని 1931లో వెలువరించిన అయిదు సూత్రాల్లో మొట్టమొదట పెట్టారు.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రం బోధించడం మొదలుపెట్టింది. అక్కడి గ్రంథాలయాన్ని ఏళ్ళ తరబడి నడిపినవారు కవి అబ్బూరి రామకృష్ణారావు గారు. చదువరే లైబ్రేరియన్ కావడం విద్యార్థుల అదృష్టం.

నా ఉద్యోగమంతా ఈ అరల మధ్యే గడిచింది. పుస్తకాల్ని విషయాలవారీగా అంకెలతో అమర్చే డ్యూయీ పద్ధతిలో తమిళ సాహిత్యం 894.811, కన్నడం 894.814, తెలుగు 894.827. తెలుగు నవల కోసం వచ్చిన అమ్మాయి రెండడుగులు ఎడమకి వేసి కన్నడ పుస్తకాల దగ్గర ఆగిపోవడం నేను చూశాను. అక్కడ కంటపడిన పుస్తకం పేరు ఆమెకి అంతకుముందు తెలియదు, తెలియని పేరుని కేటలాగ్‌లో ఎలా వెతుకుతుంది? పుస్తకం తీయగానే పిల్లలు ముందు చూసేది లోపల అంటించిన తేదీ చీటీ. ఊదా సిరా ముద్రలు కిక్కిరిసి ఉంటే ఇంకో మాట లేకుండా ఇంటికి పట్టుకెళ్ళేవారు. తమకన్నా ముందు చదివినవాళ్ళ సిఫారసు అది.

ఇప్పుడు రీడింగ్ హాళ్ళు నిండుగానే ఉంటున్నాయి, కానీ చాలామంది ముందున్నది ఇంటినుంచి తెచ్చుకున్న పోటీ పరీక్షల గైడే. అరల వైపు తిరిగేవాళ్ళు తక్కువ. తాళాలు తీస్తే సరిపోదు, లోపలికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. అధ్యాపకులారా, సెమిస్టరుకి ఒక్క పీరియడ్ అయినా తరగతిని అరల మధ్య నడిపించండి. అక్కడ ఏమీ బోధించకండి, పిల్లల్ని వాళ్ళంతట వాళ్ళే ఒక పుస్తకం తీసుకోనివ్వండి.