బ్లైండ్ విల్లీ జాన్సన్
బ్లైండ్ విల్లీ జాన్సన్ (1897–1945) అమెరికాలోని టెక్సస్‌కు చెందిన అంధ గాయకుడు, గిటారు విద్వాంసుడు. పాడినవన్నీ క్రైస్తవ భక్తిగీతాలే, వాయించిన తీరు మాత్రం బ్లూస్. చిన్నతనంలో సవతితల్లి కళ్లలో క్షారద్రవం చల్లడంతో చూపు పోయిందని భార్య ఏంజెలీన్ తర్వాతి కాలంలో చెప్పింది. ఆ రోజుల్లో అమెరికా దక్షిణాదిన చూపులేని నల్లజాతి పేదలకు కూలిపని దొరకడం గగనంగా ఉండేది. వీధి మూలల్లో పాటే చాలామందికి కూడు పెట్టింది. బ్లైండ్ లెమన్ జెఫర్సన్, బ్లైండ్ బ్లేక్ వంటివారి రికార్డుల మీద కంపెనీలు ఆ వైకల్యాన్నే పేరుగా అచ్చువేసి అమ్ముకున్నాయి.

1927–30 మధ్య జాన్సన్ కొలంబియా కంపెనీకి 30 పాటలు రికార్డు చేశాడు. గీరుకుపోయినట్టుండే బొంగురు గొంతుకు తీగలపై స్లైడ్ జార్చి పలికించే స్వరం జవాబు చెబుతుంది; కొన్నిచోట్ల పాట చివరి మాటను గిటారే పూర్తిచేస్తుంది. ‘డార్క్ వజ్ ద నైట్, కోల్డ్ వజ్ ద గ్రౌండ్’లో సాహిత్యమే లేదు, మూలుగులాంటి కూనిరాగం తప్ప. ఆయన రికార్డింగుల్లో శిఖరం అదే. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు రికార్డులో ఆ పాట చేరింది.

కీర్తి డబ్బు కాలేదు. టెక్సస్‌లోని బోమాంట్‌లో ఇల్లు కాలిపోయిన తర్వాత, జబ్బుపడి మరణించాడు. ఆయన రికార్డు చేసిన ‘నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్’ను 1976లో లెడ్ జెపెలిన్ రాక్ బృందం కొత్తగా మలిచి, రచయితలుగా తమవాళ్ల పేర్లే వేసుకుంది.