పాత ఇనుము – కరెంటు అయస్కాంతం

మన ఆత్రేయపురం పేరు చెప్పగానే పూతరేకులు గుర్తుకొస్తాయి. కానీ ఈ గోదావరి సీమ చరిత్రలో ఇనుముకూ పెద్ద చోటుంది. రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసింది. ఇనుము పాతబడుతుందే గాని వ్యర్థం కాదు. కొలిమిలో కరిగి మళ్లీ ఇనుమే అవుతుంది. మధ్యలో దాన్ని ఏరి, తూచి, బండికెత్తే చేతులకే గాయాలు. తుప్పు మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం భయం.

ఈ కష్టం తగ్గించే సాధనం పుట్టి రెండు వందల ఏళ్లయింది. ఇంగ్లండులో చెప్పులు కుట్టేవాని కొడుకు విలియం స్టర్జన్ 1825లో ఇనుప లాడానికి రాగితీగ చుట్టి కరెంటు పంపాడు. 200 గ్రాముల లాడం 4 కిలోల బరువెత్తింది. కరెంటు ఆపగానే వదిలేసింది. అమెరికాలో బడిపంతులు జోసెఫ్ హెన్రీ తీగకు పట్టు చుట్టి, వరుసమీద వరుస వేసి, 1831లో 900 కిలోలకు పైగా ఎత్తించాడు.

అసలు ముచ్చట తర్వాతిది. ఒక ఇనుప కార్ఖానాలో ఖనిజం వేరుచేసే ఇలాంటి అయస్కాంతాన్ని 1833లో థామస్ డావెన్‌పోర్ట్ అనే కమ్మరి కొన్నాడు. ఇంటికి తెచ్చి విప్పేసి, చుట్ట ఎలా చుట్టారో చూసి, దానితో తిరిగే మోటారు చేశాడు. 1837లో పేటెంటు వచ్చింది. ఒక పనికి చేసిన వస్తువు అలా మరో పనికి వచ్చింది.

ఇప్పుడు అదే తిరగేసి చేయొచ్చు. పాడైన మైక్రోవేవ్ పొయ్యిలోని ట్రాన్స్‌ఫార్మరు నుంచి పైపట్టీ కోసి, సన్నతీగ చుట్ట తీసేస్తే, ఇంగ్లీషు 'ఈ' అక్షరం లాంటి ఇనుప దిమ్మ, లావుతీగ చుట్ట మిగులుతాయి. దానికి 12 వోల్టుల బ్యాటరీ కలిపితే మేకులు, బోల్టులు ఏరుతుంది. రాగి, ఇత్తడి, అల్యూమినియం అంటవు కాబట్టి సరుకు కూడా వేరవుతుంది.

అయితే జాగ్రత్త! ఆ పొయ్యిలోని కండెన్సరు ప్లగ్గు తీసినా ప్రాణం తీయగలదు. తెలిసిన మెకానిక్కే విప్పాలి. ఇంటి కరెంటు నేరుగా ఇవ్వరాదు. ఎక్కువసేపు ఉంచితే చుట్ట కాలుతుంది. కరెంటు పోతే బరువు పడుతుంది గనుక కింద ఎవరూ నిలబడరాదు.

చెప్పులు కుట్టే ఇంటివాడు, బడిపంతులు, కమ్మరి – ఈ ముగ్గురూ గొప్పింటి బిడ్డలు కారు. పాత సామాను వ్యాపారం చేసే తండ్రులారా, పిల్లవాడి చేతికి గోనెసంచి ఇచ్చేముందు పుస్తకం ఇవ్వండి. ఇల్మ్ ఉన్న చేతికి పాత ఇనుము కూడా పెట్టుబడే.