తటస్థమన్న మాట: సింగపూరు బడులు, బాలికల ప్రేమ

మెథడిస్టు మిషనరీ సోఫియా బ్లాక్‌మోర్ 1887లో సింగపూరులోని షార్ట్ స్ట్రీట్‌లో బాలికల బడి తెరిచినప్పుడు వచ్చినవారు తొమ్మిది మంది తమిళ పిల్లలు. ధవళేశ్వరంలో వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టి అప్పటికి పదమూడేళ్ళు. పెరనాకన్ కుటుంబాల్లో ఈడొచ్చిన పిల్లను పెళ్ళయ్యేదాకా గడప దాటనిచ్చేవారు కాదు. అందుకే బ్లాక్‌మోర్ ఇంటింటికీ తిరిగి పిల్లలను అడగవలసివచ్చింది. మగపిల్లలు లేని బడి అన్నది అటువంటి తల్లిదండ్రులకు చిన్న హామీ కాదు.

ఆ హామీలో ఒక ఊహ దాగి ఉంది: ప్రేమ అనేది ప్రహరీ అవతలినుంచే వస్తుందని. గోడ లోపల ఒక ఆడపిల్లకు మరో ఆడపిల్లపై కలిగే ప్రేమను ఈ ఊహ లెక్కలోకి తీసుకోలేదు. వలసపాలకులు 1938లో చేర్చిన 377ఎ సెక్షను కూడా పురుషులనే శిక్షార్హులను చేసింది. చట్టం స్త్రీల ఊసెత్తకపోవడాన్ని ఔదార్యమని నేననుకోను. పేరే లేనిదాన్ని నిషేధించవలసిన అవసరమూ ఉండదు.

ఆ పేరు పాఠంలోకి వచ్చినప్పుడు ఏమైందో 2009 చెబుతుంది. 1985లో ఏర్పడిన అవేర్ అనే మహిళాసంఘం కొన్ని మాధ్యమిక పాఠశాలల్లో లైంగికవిద్యా తరగతులు నడిపేది. కొన్ని పదాలు వింటే మంచి భావం కలుగుతుందా, చెడు భావమా, తటస్థమా అన్నది అందులో ఒక అభ్యాసం. బోధకుల పుస్తకం స్వలింగప్రేమను తటస్థమైన మాటగా చూపింది. ఆ మార్చిలో సంఘపు వార్షిక సమావేశంలో కొత్త సభ్యులు కార్యవర్గంలో అత్యధిక పదవులు గెలుచుకున్నారు. వారిలో పలువురు ఒకే చర్చికి వెళ్ళేవారు. సంఘం స్వలింగప్రేమను ప్రోత్సహిస్తోందన్నది వారి వర్గం ఆరోపణ. మే 2న సన్‌టెక్ సిటీలో జరిగిన అసాధారణ సభలో వారిపై అవిశ్వాస తీర్మానం 1,414–761 ఓట్లతో నెగ్గింది. పాత తరం గెలిచింది. నాలుగు రోజులకే విద్యాశాఖ ఆ తరగతులను నిలిపివేసింది.

ఓడినవారి కోరికే పాఠశాలలో నెరవేరిందన్నమాట! ఓటు వేసినవారు సంఘసభ్యులు. ఏ పిల్లల పాఠం గురించి ఇంత తగాదా జరిగిందో ఆ పిల్లల్ని ఎవరూ సాక్ష్యానికి పిలవలేదు. 2022 నవంబరులో పార్లమెంటు 377ఎను రద్దు చేస్తూనే, వివాహ నిర్వచనానికి కోర్టుల్లో సవాలు ఎదురుకాకుండా రాజ్యాంగాన్ని సవరించింది. మగవారిపై శిక్ష తొలగింది. ఆడపిల్లలపై శిక్ష మొదటినుంచీ లేదు గనుక, వారి విషయంలో ఆ చట్టం రద్దు చేయడానికీ ఏమీ లేకపోయింది.