చదరంగమున దొంగాటయను నింద

గత వేసవి సెలవులలో మా మేనల్లుడొకడు జంషెడ్‌పూరు వచ్చి మా యింట పదునైదు దినములుండెను. పండ్రెండేండ్లవాడు. ఫోను చేతబట్టి, ముఖమెరుగని పరదేశపు ఆటగాండ్రతో చదరంగమాడుట వానికి నిత్యకృత్యము. ఒకనాటి రాత్రి వాడు మంత్రిని బలియిచ్చి, నాలుగెత్తులలో ఎదుటివాని ఆట కట్టించెను. సంతోషముతో కేక వేయబోవునంతలో ఓడినవాడు తెరపై ఒక మాట వ్రాసి వెడలిపోయెను. దొంగాట అని ఆ మాటకు అర్థము. కంప్యూటరు చెప్పిన ఎత్తులను వేసితివని దాని భావము. మావాడు కంటతడి పెట్టెను. ‘‘నేనే ఆడానని అతనికెట్లా రుజువు చేసేది, మామయ్యా?’’ అని అడిగెను. ఆ రాత్రి నాయొద్ద సమాధానము లేదు. ఆ ప్రశ్న వెంటబడి నేను చదివినదియు, తలపోసినదియు ఈ వ్యాసమున పాఠకుల ముందుంచుచున్నాను.

ఆటలో మోసమను నింద మన జాతికి కొత్తది కాదు. శకుని పాచికల కథ ఎరుగని తెలుగు బిడ్డ లేడు. ఆ సభలో పెద్దలు పెక్కుమంది కలరు గాని, ఆటను ఆపి పాచికలను పరీక్షింపగల తీర్పరి మాత్రము లేడు. పలనాటి గాథయు నట్టిదే. 12వ శతాబ్దమున జరిగినదని చెప్పు ఆ కోడిపందెమున ఓడిన పక్షము ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని ఒడంబడిక. మాచెర్ల పక్షము ఓడెను. నాయకురాలు నాగమ్మ మోసముచే గెలిచెనని ఒక పక్షపువారి నింద. అది నిజమగునో కాదో విచారించి తేల్చిన పంచాయతి లేకపోయెను. తుదకు కారెంపూడి రణభూమియే తేల్చవలసి వచ్చెను. మోసము చెడ్డదే. కాని నిందను విచారించు పద్ధతి లేకపోవుట అంతకంటె చెడ్డదని ఈ రెండు కథలును మనకు చెప్పుచున్నవి.

చదరంగమున పాచికలు లేవు. బలగములన్నియు ఇరువురి కన్నుల యెదుటనే యుండును. ఇట్టి ఆటలో మోసమునకు చోటెక్కడిదని తోచవచ్చును. అయినను ఆ చోటు చాల పాతది. 1770లో వియన్నా నగరమున మరియా థెరీసా రాణి కొలువునకు కెంపెలెన్ అనునాతడు ఒక యంత్రమును తెచ్చెను. తలపాగా చుట్టిన తురుష్కుని బొమ్మ పెట్టెవెనుక కూర్చుండి చదరంగమాడి, చూడవచ్చినవారిని ఓడించుచుండెను. 1809లో నెపోలియను సహితము దానితో ఆడెను. పెట్టెలో ఒక నిపుణుడైన ఆటగాడు దాగి యుండుటయే అందలి రహస్యము. 1854లో ఫిలడెల్ఫియాలో అగ్నిప్రమాదమున ఆ బొమ్మ కాలిపోయినది. నాడు యంత్రములో మనుష్యుడు దాగెను. నేటి నింద మనుష్యుని చాటున యంత్రము దాగినదని.

ఈ రెంటికిని నడుమ యొక ఘట్టము కలదు. 1997 మే నెలలో న్యూయార్కున ప్రపంచ విజేత గారీ కాస్పరోవ్ ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ అను కంప్యూటరుతో ఆరు ఆటలాడి 2½–3½ తేడాతో ఓడెను. రెండవ ఆటలో యంత్రము వేసిన ఎత్తులు యంత్రము వేయదగినవి కావనియు, మనుష్యుల జోక్యము కలదేమో యనియు ఆతడు సందేహించెను. కంప్యూటరు లెక్కల పత్రములను చూపుడని అడిగెను. అవి వెంటనే లభింపలేదు. తరువాతి కాలమున ప్రకటింపబడినవి. మోసము జరిగినదని ఋజువు కాలేదు. కాని పత్రములు అడిగిన నాడే చూపియుండినచో సందేహమునకు అంత ఆయుర్దాయము కలిగియుండదు.

మనుష్యుల నడుమ జరిగిన పందెములలోను ఇట్టి వింతలకు కొదవ లేదు. 1978లో ఫిలిప్పీన్సులోని బాగ్యో నగరమున కార్పోవ్, కోర్చ్‌నోయ్‌లు ప్రపంచ పీఠమునకై పోరాడుచుండగా, ఆట నడుమ కార్పోవుకు ఒక గిన్నెడు పెరుగు అందింపబడెను. ఆ పెరుగు ఏదో సంకేతము కావచ్చునని ఎదుటి పక్షము అభ్యంతరము తెలిపెను! 2006లో రష్యాలోని ఎలిస్టా నగరమున క్రామ్నిక్, టోపలోవ్‌ల పందెము జరిగెను. క్రామ్నిక్ మాటిమాటికి మరుగుదొడ్డికి పోవుచున్నాడని టోపలోవు పక్షము ఫిర్యాదు చేసెను. నిర్వాహకులు ఆటగాండ్ర ప్రత్యేకపు మరుగుదొడ్లకు తాళము వేసిరి. క్రామ్నిక్ నిరసన తెలిపి, అయిదవ ఆటకు కూర్చుండక దానిని కోల్పోయెను. అయినను తుదకు ఆతడే గెలిచెను. ఆతనిపై మోసము ఋజువు కాలేదు. ఈ క్రామ్నిక్ పేరును పాఠకులు జ్ఞప్తియందుంచుకొందురు గాక. మరల చెప్పవలసి యున్నది.

అయితే సందేహములన్నియు వట్టివని అనుటకును వీలులేదు. ఆ 2006లోనే డీప్ ఫ్రిట్జ్ అను కంప్యూటరు ఆ క్రామ్నిక్‌నే 4–2 తేడాతో ఓడించెను. నాటినుండి ఏ మేటి ఆటగానికంటెను యంత్రమే బలీయమైనది. ఆ సంవత్సరముననే ఢిల్లీలో ఒక పోటీయందు మన దేశపు ఆటగాడొకడు టోపీలో వినికిడి పరికరము కుట్టించుకొని, బయటినుండి ఎత్తులు తెప్పించుకొనుచు పట్టుబడెను. అఖిల భారత చదరంగ సమాఖ్య ఆతనిని పదేండ్లు నిషేధించెను. ఇక్కడ టోపీ దొరికినది. సాక్ష్యము చేతికి చిక్కినది. కావున తీర్పు సులభమయ్యెను.

మన యూరి పేరు ఈ ఆటతో ఎట్లు ముడివడినదో ఇచట చెప్పుట అప్రస్తుతము కాదు. 1938లో హాలెండు దేశమున బెవర్‌విక్ అను ఊర ఒక ఉక్కు కర్మాగారపు చదరంగ సంఘమువారు చిన్న పోటీ నొకదానిని ప్రారంభించిరి. 1968లో అది సముద్రతీరమున వైక్ ఆన్ జీ గ్రామమునకు తరలెను. 2007లో టాటావారు ఆ కర్మాగారముగల కోరస్ సంస్థను కొనిరి. 2011 నుండి ఆ పోటీకి టాటా స్టీలు పేరు వచ్చెను. 1907లో స్థాపితమై, సువర్ణరేఖా, ఖర్కాయి నదుల సంగమముచెంత కొలిమి వెలిగించిన సంస్థ పేరు నేడు ప్రపంచములోని మేటి చదరంగ పోటీలలో నొకదానికి ఆభరణము. 2013లో గుంటూరువాడైన పెంటేల హరికృష్ణ అచటి ప్రధాన వర్గమున ఆడెను. 2022లో వరంగల్లు బిడ్డ ఎరిగైసి అర్జున్ అచటి రెండవ వర్గమున ప్రథముడై నిలిచెను. అచట పెద్దలు, పిన్నలు, వృత్తి ఆటగాండ్రు, ఉద్యోగులు ఒకే మందిరమున కూర్చుండి ఆడుదురు. ఎదుటివాని నుదుటి చెమటయు, చేతి వణకును కన్నులకు కనబడును. ఆ చూపులోనుండి పుట్టిన నమ్మకము చాల గొప్పది.

2020లో కరోనా మహమ్మారి వచ్చి ఆ మందిరముల తలుపులు మూసెను. ఆట ఇంటింటి కంప్యూటరులోనికి వచ్చెను. ఆ యేట ఆగస్టులో అంతర్జాతీయ చదరంగ సమాఖ్యయగు ఫిడే ఆన్‌లైను ఒలింపియాడు జరిపెను. భారత జట్టులో మన హరికృష్ణ, కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక యుండిరి. ఆగస్టు 30న రష్యాతో జరిగిన తుది పోరాటమున ఇంటర్నెట్టు తెగి, మనవారిలో నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌లు కాలము మించి ఓడిరి. భారతదేశము విన్నవించుకొనగా, ఫిడే విచారించి రెండు దేశములను ఉమ్మడి విజేతలుగా ప్రకటించెను. అంతకు కొలది దినముల ముందు, మనతో ఆడుచుండగా ఆర్మీనియావారికిని ఇట్టి అంతరాయమే కలిగెను. వారి విన్నపము మాత్రము తిరస్కరింపబడి, వారు పోటీనుండి వైదొలగిరి. రెండు దినముల యెడమున ఒకే విధమైన ఆపదకు రెండు తీర్పులు! మనకు దక్కిన ఔదార్యమును తలచి సంతోషించునపుడు వారి బాధయు తలపునకు రావలెను.

మరుసటి నెలలో వేరొక ఆన్‌లైను జట్టుపోటీయందు గెలిచిన ఆర్మీనియా ఈగిల్స్ జట్టు, తమలోని ఒక గ్రాండ్‌మాస్టరుపై వచ్చిన అభియోగమువలన బహుమానమును కోల్పోయెను. ఆతడు తాను నిర్దోషినని చెప్పుచునే యుండెను. 2021 జూన్ 13న, మహమ్మారి బాధితుల సహాయార్థము జరిగిన ఆటలో నిఖిల్ కామత్ అను వ్యాపారవేత్త విశ్వనాథన్ ఆనంద్‌ను ఓడించి అందరిని నివ్వెరపరచెను. మరునాడే తాను ఇతరుల సాయమును, కంప్యూటరు సాయమును పొందితినని ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. ఆనంద్ తాను బల్లమీది స్థితిని బట్టి ఆడితినని చెప్పి, ఆ వివాదమును పొడిగింపలేదు.

ఆన్‌లైనులో టోపీ దొరకదు. మరి దొంగను పట్టుట యెట్లు? ఆటగాని ఎత్తులను కంప్యూటరు ఎత్తులతో పోల్చి చూతురు. బఫలో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కెన్నెత్ రీగన్ ఈ లెక్కలో పేరుగాంచినవాడు. ఒక బలగమును చంపినవానిని తిరిగి చంపుట వంటి తప్పనిసరి ఎత్తులను ఎవడైనను వేయును. కావున పోలిక ఒక్కటియే చాలదు. ఆ బలముగల ఆటగాడు సాధారణముగా ఎన్నిమార్లు ఉత్తమమైన ఎత్తును వేయునో, ఇతడెన్నిమార్లు వేసెనో చూడవలెను. సులభమైన ఎత్తునకును, కష్టమైన ఎత్తునకును ఒకే కాలము తీసికొనెనా యని చూడవలెను. ఒక ఆటను గాక అనేక ఆటలను చూడవలెను.

ఇంతచేసియు ఈ సాక్ష్యము సంభావ్యతయే గాని ప్రత్యక్షము కాదు. ఊహకై ఒక లెక్క వేయుదము. ఒక పరీక్ష పదివేలమంది నిర్దోషులలో ఒక్కనిని మాత్రమే పొరపాటున దొంగ యనునని అనుకొందము. ఎంత చక్కని పరీక్ష! కాని పది లక్షలమంది నిజాయితీపరులాడు చోట ఆ పరీక్షయే నూరుగురిపై దొంగముద్ర వేయును. ఆ నూరుగురిలో మన బిడ్డ యుండవచ్చును. మన కార్యాలయములలో శాఖాపరమైన విచారణ ఎరిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. అభియోగపత్రము, సంజాయిషీ, సాక్ష్యము, తీర్పు, అప్పీలు అను వరుస ఊరక ఏర్పడలేదు.

వరుస తప్పినచో నేమగునో రెండు ఉదాహరణములు చాలును. 2022 సెప్టెంబరు 4న అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున, ఎదురెదురుగా కూర్చుండి ఆడిన పోటీలో, ప్రపంచ విజేత మాగ్నస్ కార్ల్‌సెన్ 19 ఏండ్ల హాన్స్ నీమన్ చేత ఓడి, మరునాడు పోటీనుండి తొలగెను. లోకము ఆ మౌనమునే నిందగా గ్రహించెను. నీమన్ తాను బాల్యమున ఆన్‌లైనులో దొంగాట ఆడితినని ఒప్పుకొని, ఎదుట కూర్చుండి మాత్రము ఎన్నడును మోసగింపలేదనెను. ఆన్‌లైను సంస్థయొకటి 72 పుటల నివేదికలో, ఆతడు నూరుకు మించిన ఆన్‌లైను ఆటలలో మోసము చేసియుండవచ్చునని చెప్పెను. సెయింట్ లూయీ ఆటలో మోసమునకు మాత్రము సాక్ష్యము చూపలేదు. పదికోట్ల డాలర్ల దావా నడచి, 2023లో రాజీతో ముగిసెను. ఆ డిసెంబరులో ఫిడే నీతిసంఘము కార్ల్‌సెన్‌కు సరియైన కారణము లేక పోటీ విడిచినందులకు 10,000 యూరోల జరిమానా వేసెను. విచ్చలవిడిగా నింద మోపెనన్న దోషము మాత్రము ఆతనికి అంటగట్టలేదు.

రెండవది మరింత దుఃఖకరము. 2006లో ఋజువులేని నిందను సహించిన ఆ క్రామ్నిక్, తరువాతి కాలమున తానే నిందకుడై, ఆన్‌లైనులో వేగముగా ఆడు పలువురి గెలుపులు అనుమానాస్పదములని బహిరంగముగా ప్రకటింపసాగెను. వారిలో డానియల్ నరొడిట్‌స్కీ అను అమెరికా గ్రాండ్‌మాస్టరు ఒకడు. వేలమందికి చదరంగము నేర్పిన ఆ యువకుడు ఆ అభియోగమును నిరాకరించెను. 2025 అక్టోబరులో, 29 ఏండ్ల ప్రాయమున, ఆతడు మరణించెను. ఆ మరణమునకు కారణమును నిర్ణయించుట మన పని కాదు. కాని తనపై వచ్చిన నింద తనను బాధించుచున్నదని ఆతడు బ్రదికియున్నపుడే చెప్పియుండెను. ఆ నవంబరులో ఫిడేవారే క్రామ్నిక్‌పై తమ నీతిసంఘమునకు ఫిర్యాదు చేసిరి. నిందా బాధను ఎరిగినవాడు దానిని ఇతరులకు కలిగింపడని అనుకొందుము. చరిత్ర అట్లు చెప్పుటలేదు.

ఇంతకు మా మేనల్లుని ప్రశ్నకు సమాధానమేమి? 2002లో కోనేరు హంపి 15 ఏండ్లకే గ్రాండ్‌మాస్టరు అయినపుడు ఆమె ఎత్తులను ఎదుట కూర్చున్నవారు కన్నులార చూచిరి. నేటి బిడ్డలు ముఖము కనబడకయే గెలుచుచున్నారు. కావున నింద వారికి సులభముగా తగులును. కంప్యూటరు ఆట ముగిసిన పిమ్మట గురువు, ఆట నడుమ దొంగ అని పిల్లలకు మొదటనే నేర్పవలెను. ఓడినవారు అనుమానము కలిగినచో ఆటను నిర్వాహకులకు పంపవలెను గాని నలుగురిలో కేక వేయరాదు. తీర్పు చెప్పువారు ఒక్క ఆటను చూచి ఎవనిని దొంగ యనరాదు.

మరునాటి యుదయమున నేను పాత చదరంగపు బల్లను దింపి, ‘‘మంత్రిని ఎందుకు ఇచ్చావో చెప్పరా’’ అని మావానిని అడిగితిని. వాడు బలగములను పేర్చి, ఎదుటివాడు ఇట్లాడినచో ఇదియు, అట్లాడినచో అదియు నని ఒక్కొక్క ఎత్తును విప్పి చూపెను. ఒకచోట తాను పొరబడితిననియు, ఎదుటివాడు దానిని గమనింపలేదనియు తానే చెప్పెను. యంత్రము చెప్పిన ఆటలో ఆ పొరపాటుండదు. నాకు అంతకంటె ఋజువు అక్కరలేకపోయెను. ఆ పరదేశపు ఆటగానికి మాత్రము అది చేరలేదు. వాని మాట మావాని ఫోనులో నేటికిని అట్లే యున్నది.