ఇసుక కింద తీపి నీళ్లు

విజయవాడలో పొద్దున్నే చెన్నై వైపు బండెక్కి ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చోండి. కృష్ణ దాటాక తెనాలి, బాపట్ల, చీరాల. అక్కడికి వరి మళ్లు పలచబడి సరుగుడు తోపులు మొదలవుతాయి. మా కృష్ణా డెల్టా కొమ్మమూరు కాలవ కూడా ఇటే వచ్చి పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలవలో కలుస్తుంది. ఒకప్పుడు సరుకు పడవలు ఆ దారినే మద్రాసు వెళ్లేవి. సింగరాయకొండలో దిగి ఆటో మాట్లాడుకోండి. ఉలవపాడు మీదుగా కరేడు.

2025 జూన్‌లో ఈ ఊరు పేపర్లకెక్కింది. సౌర పలకలు తయారుచేసే ఇండోసోల్ ఫ్యాక్టరీ కోసం ఈ చుట్టుపక్కల 8 వేల ఎకరాలకు పైగా తీసుకోవాలని ప్రభుత్వం తలపెట్టింది. జూన్ 29న జనం కదిలి వచ్చి జాతీయ రహదారి మీద బైఠాయించారు. జూలై 4న గ్రామసభలో భూములిచ్చేది లేదని తేల్చి చెప్పారు.

ఎందుకివ్వరో తెలియాలంటే గట్టు మీద చెప్పులు విడిచి చేలోకి దిగండి. పైన ఇసుక చురుక్కుమంటుంది. మడమతో నాలుగు తన్నులు తన్నండి. ఇసుక బెల్లం రంగుకు తిరుగుతుంది, పిడికిట పడితే ముద్ద నిలుస్తుంది. అదిగో, మోటారు వేసి ఉంది. గొట్టం నోట్లోంచి నీళ్లు మోచేతి లావున దూకుతున్నాయి. దోసిలి పట్టి తాగండి. సముద్రం దగ్గర్లోనే ఉంది, నీళ్లు మాత్రం తియ్యగా ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలవలకు నీళ్లెప్పుడు వదులుతారా అని డెల్టా వాళ్లం మేం జూన్ నుంచీ ఎదురుచూస్తాం. కరేడు రైతుకు ఆ ఎదురుచూపు లేదు. కాళ్ల కిందే నీళ్లు. వాటి మీదే మామిడి, సపోటా, వేరుశనగ, సరుగుడు. ఏడాదికి మూడు పంటలు తీసే చేలు కూడా ఉన్నాయి. ఇలాంటి నేలను పోగొట్టుకుని, వచ్చిన డబ్బుతో మళ్లీ ఎక్కడ కొంటారు? నాకైతే జవాబు దొరకలేదు.

రెండు మూడు పంటలు పండే సాగునీటి భూమిని, మరో దారి లేనప్పుడు, చిట్టచివరి మార్గంగా తప్ప తీసుకోకూడదని 2013 భూసేకరణ చట్టం పదో సెక్షన్ చెబుతోంది. మూడేళ్లుగా ఆ నేల మీదే బతుకుతున్న కౌలుదారులనూ కూలీలనూ కూడా ఆ చట్టం బాధితులుగానే లెక్కిస్తుంది. సపోటా తోటల్లో కాయ కోసే యానాది గిరిజన ఆడవాళ్ల పేర్లు ఏ పాస్‌బుక్కులో ఉంటాయి? రాయలసీమలో ఎన్.పి.కుంట సౌర పార్కు వచ్చినప్పుడు కూడా, పట్టా లేకుండా దున్నుకుంటున్న వాళ్లే పరిహారం కోసం తిరగాల్సి వచ్చింది.

ఎండ కరెంటు వద్దనడం లేదు నేను. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం చుట్టుపక్కల వాకిట్లో పడ్డ బూడిద ఊడ్చుకునే వాళ్లకు ఎండ కరెంటు విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. 2017లో కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల పార్కు లేచింది. అది మెట్ట నేల. సింహాద్రిలోనూ రామగుండంలోనూ రిజర్వాయర్ నీళ్ల మీదే పలకలు తేలుతున్నాయి. పలకలు పరచడానికే ఇన్ని చోట్లు వెతికినప్పుడు, వాటిని చేసే ఫ్యాక్టరీకి మూడు పంటల నేలే కావాలా?

పొద్దు వాలుతోంది. మోటారు ఆపేశారు, కాలవలో నీళ్లు ఇంకా పారుతున్నాయి. కలెక్టరేట్‌లో మ్యాపు మీద గీతలు గీసే పెద్దలారా, సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఇక్కడికి రండి. చెప్పులు విడిచి ఈ చేలో నిలబడండి, ఈ నీళ్లు తాగండి. గ్రామసభ చెప్పిన మాట వినండి. కరేడు నేలను కరేడుకు వదిలేయండి.