నెల్లూరు నుంచి నేటాలుకు

పక్కింటి పిన్నిగారు గిన్నెలో కాస్త గోంగూర పచ్చడి పెట్టి పంపిస్తే, ఆ గిన్నెను మనం వట్టిగా తిరిగి పంపించం. ఇంట్లో ఏమీ లేకపోతే రెండు నిమ్మకాయలైనా వేసి ఇస్తాం. ఈ మర్యాద మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇలాంటిదే ఒకటి సముద్రాలు దాటి కూడా జరిగింది. ఆ చరిత్రే ఇవాళ మీకు చెబుతాను.

విదేశీ మిషన్ అనగానే మనకు పడవ దిగిన తెల్లదొర, దొరసాని గుర్తుకొస్తారు. పంపేవారు వాళ్ళు, పుచ్చుకునేవాళ్ళం మనం అనుకుంటాం. మొదట్లో నిజంగా అంతే. అమెరికాలోని బాప్టిస్టు సంఘాల తరఫున శామ్యూల్ డే గారు 1836లో తెలుగుదేశం వచ్చారు. 1840లో నెల్లూరు చేరి, 1844లో అక్కడ సంఘం స్థాపించారు. కాని ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవారు బహు కొద్దిమంది. ఇంత ఖర్చుకు ఇదేనా ఫలితం అని పంపినవారికి అనుమానం వచ్చింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో నెల్లూరు మిషన్‌ను ఉంచాలా, మూసెయ్యాలా అని పెద్ద వాదన నడిచింది. చివరకు ఉంచారు. పటం మీద ఒంటరిగా కనిపించే ఈ మిషన్‌కు ‘ఒంటరి నక్షత్రం’ అనే పేరు స్థిరపడింది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. నెల్లూరు సంఘం నిలవాలా వద్దా అన్నది తేల్చింది నెల్లూరు కాదు. డబ్బు ఎవరిదో మాటా వారిదే అయింది. సహాయం ఎంత మంచి మనసుతో వచ్చినా, దాని వెనక ఈ ఇబ్బంది ఉంటూనే ఉంటుంది.

మరుసటి సంవత్సరం, 1854 జనవరి ఒకటో తేదీ తెల్లవారుజామున ఒంగోలు దగ్గరి కొండ మీద అయిదుగురు ప్రార్థన చేశారు. జ్యూయెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు అనే ఆయన, జూలియా, రూతు. అయిదుగురిలో ముగ్గురు స్త్రీలే! అటు బోస్టన్‌లో కూడా 1871లో బాప్టిస్టు స్త్రీలు తమదంటూ ఒక విదేశీ మిషనరీ సంఘం పెట్టుకున్నారు. స్త్రీలకు చదువు చెప్పడానికి, వైద్యం చెయ్యడానికి స్త్రీలనే పంపాలన్నది వారి పట్టుదల.

తరువాత 1876–78 నాటి ఘోరమైన కరువు వచ్చింది. ఒంగోలులో ఉన్న క్లవ్ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించారు. కరువు తగ్గాక, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. ఊరికి దూరంగా ఉంచబడ్డవారు, ఒకరికి ఇచ్చేటంత కలిమి ఎన్నడూ చూడనివారు.

ఇక గిన్నె సంగతికి వద్దాం. మన కరువు సీమల నుంచి, కోస్తా నుంచి ఎందరో కూలీలు అప్పటికే దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్ళారు. మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ అనే మొదటి ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు లక్షన్నర మంది భారతీయులు అలా వెళ్ళారు. అయిదేళ్ళ ఒప్పందం. చెరకు తోటలు, తేయాకు తోటలు, బొగ్గు గనులు. ఒప్పందం తీరాక అక్కడే ఉండదలిస్తే, 1895 చట్టం ప్రకారం తలకు ఏడాదికి మూడు పౌన్ల పన్ను. పదమూడేళ్ళు దాటిన ఆడపిల్లకూ ఆ పన్ను తప్పదు! 1913 సత్యాగ్రహం తరువాత, 1914లో గాని అది రద్దు కాలేదు.

ఆ కూలీలలో బాప్టిస్టులూ ఉన్నారు. వారి భాషలో ఓదార్పు మాట చెప్పేవారు కావాలి. ఆ పని అమెరికావారు చెయ్యలేదు. మన తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీవారే 1903లో జాన్ రంగయ్యగారిని నేటాలుకు పంపించారు. ఆ ఏడే డిసెంబరు 27న, తేయాకు తోటలున్న కియర్స్నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. డే గారు వచ్చిన 67 ఏళ్ళకు, పుచ్చుకున్న ఇల్లే పెట్టే ఇల్లయింది. గిన్నె బోస్టన్‌కు తిరిగి పోలేదు. మన చెయ్యి అవసరమైన మరో ఇంటికి వెళ్ళింది.

అంతా సాఫీగా సాగిందని చెప్పను. రంగయ్యగారు బతికి ఉండగానే అక్కడి సంఘాలలో చీలికలు వచ్చాయి. ఆయన 1915లో కన్నుమూశారు. తరువాతి కాలంలో ఆయన కుమారుడు థియొడోర్ రంగయ్యగారు అక్కడ సేవ సాగించారు. క్రైస్తవులు కాని తెలుగువారు భజనలతో, పండుగలతో తమ భాషను కాపాడుకున్నారు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ వెలిసింది.

మీ సంఘమో, మహిళా మండలో దూరాన ఉన్నవారికి చందా పంపేటప్పుడు ఈ చరిత్ర ఒకసారి తలుచుకోండి. ఎంత పంపామన్నది ఎలాగూ లెక్క రాసుకుంటాం. పుచ్చుకునేవారిని కూడా కూర్చోబెట్టుకుని నిర్ణయం చేశామా, వారు తిరిగి ఇవ్వబోయిన రెండు నిమ్మకాయలు మర్యాదగా అందుకున్నామా అన్నది కూడా చూసుకోవాలి. ఒంగోలు పేదలు ఇవ్వలేరని ఎవరైనా ముందే తేల్చేసి ఉంటే, కియర్స్నీ తోటల్లో ఆ తెలుగు ప్రార్థన వినిపించేదేనా, మీరే చెప్పండి.