క్రూసేడర్ కింగ్స్ ఆటల్లో ఆధునిక ప్రభుత్వాలు: మాడింగ్ చరిత్ర

క్రూసేడర్ కింగ్స్ అనేది స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లోని పారడాక్స్ సంస్థ తయారుచేసిన వ్యూహాత్మక కంప్యూటర్ ఆటల వరుస. మొదటి ఆట 2004లో, రెండవది 2012 ఫిబ్రవరి 14న, మూడవది 2020 సెప్టెంబరు 1న విడుదలయ్యాయి. మధ్యయుగపు రాజులు, సామంతులు, మతగురువులు, పెళ్ళిళ్ళు, కుట్రలు ఇందులోని వస్తువు. రెండు, మూడు భాగాల్లో ఆట 1453లో ముగుస్తుంది. అభిమానులు ఆట ఫైళ్ళను మార్చి కొత్త కథలు, కొత్త నియమాలు చేర్చడాన్ని మాడింగ్ అంటారు, అలా తయారైనదాన్ని మాడ్ అంటారు, చేసేవారు మాడర్లు. ఈ ఆటలోకి అధ్యక్షులను, పార్లమెంటులను, నియంతలను, పార్టీలను తీసుకురావాలన్న ప్రయత్నాలు మాడింగ్‌లో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగాయి. ఈ వ్యాసం దాని గురించి.

అసలు ఇదే సంస్థ ఆధునిక రాజకీయాల కోసం వేరే ఆటలు తయారుచేసింది. విక్టోరియా పందొమ్మిదవ శతాబ్దపు పార్లమెంటులను, ఎన్నికలను చూపిస్తుంది. హార్ట్స్ ఆఫ్ ఐరన్ రెండవ ప్రపంచయుద్ధాన్ని చూపిస్తుంది. అవి ఉండగా మధ్యయుగపు ఆటను ఎందుకు సాగదీయడం? కారణం ఒక్కటే. ఆ ఆటల్లో మనం దేశాన్ని నడుపుతాం, క్రూసేడర్ కింగ్స్‌లో మనిషిని నడుపుతాం. ఆ మనిషికి భార్య ఉంటుంది, ఆమెతో పడని తమ్ముడుంటాడు, తాగుబోతు కొడుకుంటాడు, పాత పగలుంటాయి. రాజకీయమంటే మనుషుల వ్యవహారమేనని నమ్మే ఆటగాళ్ళకు ఈ రుచి మరో ఆటలో దొరకలేదు.

రక్తసంబంధమే ఇరుసు

ఆట మూలసూత్రం తెలిస్తే మాడర్ల ఇబ్బంది అర్థమవుతుంది. ఆటగాడు ఆడేది రాజ్యం తరఫున కాదు, వంశం తరఫున. పాత్ర చనిపోగానే ఆటగాడు అతని వారసుడిగా మారతాడు. వంశంలో వారసుడు లేకపోయినా, రెండవ భాగంలో చివరి భూమి చేజారినా, ఆట అక్కడితో ముగుస్తుంది. యుద్ధానికి కావలసిన సాకు కూడా చాలావరకు రక్తసంబంధం నుంచి, లేదా మతం నుంచి పుడుతుంది.

తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ వేంగి. రాజరాజ నరేంద్రుడు 1061లో మరణించాక వేంగి సింహాసనం సవతి తమ్ముడు ఏడవ విజయాదిత్యుడి చేతికి పోయింది. నరేంద్రుడి కొడుకు రాజేంద్రుడు తల్లి తరఫు బంధుత్వం ఆధారంగా 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. ఆట రెండు, మూడు భాగాల్లో ఎంచుకోదగిన ప్రారంభ సంవత్సరాల్లో 1066 ఒకటి. అంటే మొదలయ్యేది సరిగ్గా ఈ తగాదా నడుమనే. ఇలాంటి చరిత్రను ఈ ఆట యంత్రం చక్కగా జీర్ణించుకుంటుంది. అయిదేళ్ళకోసారి పదవి దిగిపోయి, తనకు ఏ చుట్టరికమూ లేనివాడికి కుర్చీ అప్పగించే ముఖ్యమంత్రి మాత్రం దానికి మింగుడుపడడు.

కాబట్టి ఈ మాడ్ల చరిత్ర మొత్తం ఒకే ప్రశ్నకు జవాబుల వరుస: పదవి పోయాక ఆటగాడు ఎవరుగా మిగలాలి?

తొలి ఉపాయాలు

2004 నాటి మొదటి ఆటలో మాడర్లకు స్వేచ్ఛ తక్కువ. పేర్లు, తేదీలు, ఈవెంట్లు (ఆట మధ్యలో తలెత్తేలా రాసిపెట్టిన సంఘటనలు) మార్చగలిగారు గాని ప్రభుత్వ స్వరూపం చాలావరకు ఆట లోపలే స్థిరపడి ఉండేది. ఆధునిక కాలం చేరాలంటే ఇంకో దారి ఉండేది. ఆట ముగిశాక ఆ ప్రపంచాన్ని ఇదే సంస్థ మరో ఆట యూరోపా యూనివర్సాలిస్ రెండవ భాగంలోకి మార్చుకుని కొనసాగించడం. తరువాతి కాలంలో అభిమానులు తయారుచేసిన కన్వర్టర్లతో ఈ గొలుసు విక్టోరియా మీదుగా హార్ట్స్ ఆఫ్ ఐరన్ దాకా సాగింది. ఒకే వంశపు దేశాన్ని మధ్యయుగం నుంచి ఇరవయ్యవ శతాబ్దం వరకు లాక్కెళ్ళే ఈ ఆటకు పట్టుదలగల అభిమానులున్నారు. అయితే ఆట మారిన క్షణంలోనే మనుషులు మాయమై దేశాలు మిగులుతాయి. కావలసిన రుచి అక్కడే పోతుంది.

2012లో వచ్చిన రెండవ భాగం పరిస్థితిని మార్చింది. దాని సమాచారంలో అధిక భాగం మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో ఉంది. బిరుదులకు ఒక ఫైలు, చట్టాలకు ఒక ఫోల్డరు, ఈవెంట్లకు ఒక ఫోల్డరు, తెర మీద కనబడే మాటలకు ఇంకొకటి. నోట్‌ప్యాడ్ తెరవగలిగినవాడు మాడర్ కావచ్చు.

అన్నిటికంటే ముందు పుట్టింది పేరు మార్పిడి పద్ధతి. చక్రవర్తిని అధ్యక్షుడని, రాజును గవర్నరని, కౌంటును మేయరని రాసేస్తే ఒక పూటలో పని అయిపోతుంది. ఆడితే లోపల అదే ఫ్యూడల్ వ్యవస్థ నడుస్తూ ఉంటుంది. అధ్యక్షుడు చనిపోతే అతని పెద్దకొడుకు అధ్యక్షుడవుతాడు. మన దేశంలో దీన్ని చూసి నవ్వేవాళ్ళు కొందరుంటారు, ఇందులో వింతేముందని అడిగేవాళ్ళూ ఉంటారు.

రెండవ ఉపాయం ఆటలోనే ఉన్న ఎన్నిక రాజరికాన్ని వాడుకోవడం. పవిత్ర రోమన్ సామ్రాజ్యం తరహాలో పై బిరుదుకు సామంతులు ఓటు వేస్తారు, కింది జాగీరు మాత్రం వంశపారంపర్యంగా ఉంటుంది. ఎన్నికలో ఓడినా జాగీరు మిగులుతుంది కనుక ఆట ఆగదు. దీన్ని ఆధునికంగా వాడితే ప్రతి రాజకీయ కుటుంబానికి ఒక సొంత నియోజకవర్గం, పైన ఎన్నికయ్యే అధ్యక్షుడు వస్తారు. సిద్ధాంతపరంగా లోపభూయిష్టమైన నమూనాయే గాని ఆటగా ఇది బాగా నిలబడింది.

వెనిస్ ఇచ్చిన దారి

2013 జనవరిలో వచ్చిన ది రిపబ్లిక్ అనే విస్తరణ (ఆటకు విడిగా వచ్చే అదనపు భాగం) మాడర్లకు అనుకోని వరమైంది. అది వెనిస్ వంటి వర్తక గణతంత్రాలను ఆడదగినవిగా చేసింది. ఒక్కో గణతంత్రంలో అయిదు సంపన్న కుటుంబాలుంటాయి. డోజ్ అనే అధిపతి చనిపోగానే ఆ కుటుంబాల్లోంచి కొత్త డోజ్ వస్తాడు. ఎవరు గెలుస్తారన్నది వయసు, ప్రతిష్ఠ, ప్రచార నిధిలో పోసిన డబ్బు తేలుస్తాయి. ఎన్నికల నిధి గురించి మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

అసలు విశేషం మరొకటి. ప్రతి కుటుంబానికి ఒక సొంత భవనం ఉంటుంది. ఎన్నికలో ఓడినా అది పోదు. అంటే పదవి పోయాక కూడా ఆటగాడికి నిలబడే చోటు దొరికింది. మాజీ అధ్యక్షుడు, ప్రతిపక్ష నాయకుడు అనే పాత్రలు ఈ ఆటలో సాధ్యమైనది ఆ భవనం వల్లనే. ఆధునిక గణతంత్రాన్ని కట్టదలచిన మాడర్లకు పునాది ఇక్కడ దొరికింది. అయిదు కుటుంబాలను అయిదు పార్టీలుగా చూడటం పెద్ద కష్టం కాదు.

మధ్యయుగంలో ఎన్నికలు లేవనుకోవడం కూడా పొరపాటే. వెనిస్ డోజ్‌ను చీట్లు, ఓట్లు కలగలిపి అనేక అంచెల్లో ఎన్నుకునే పద్ధతి 1268లో స్థిరపడి 1797లో గణతంత్రం అంతమయ్యేదాకా నడిచింది. దక్షిణ భారతంలో ఉత్తరమేరూరు శాసనం పదవ శతాబ్దంలోనే గ్రామసభకు కుండలో తాటాకు చీట్లు వేసి సభ్యులను ఎంచే విధానాన్ని, అర్హతలతో, అనర్హతలతో సహా నమోదు చేసింది. డోజ్ ఆటలోకి వచ్చాడు. ఊరి సభకు మాత్రం చోటు లేదు, ఎందుకంటే ఆట చూపు ప్రభువుల స్థాయి కంటే కిందికి దిగదు.

డోజ్ పదవి జీవితకాలం. ఆధునిక పదవికి గడువు కావాలి. దానికి మాడర్లు ఈవెంట్లను ఆశ్రయించారు. అధ్యక్షుడు గద్దెనెక్కిన రోజున ఒక రహస్య ఈవెంటును మోగించి, ఇన్ని రోజుల తరువాత ఎన్నిక జరపమని ఆదేశం రాస్తారు. ఈ ఆటల పంచాంగంలో ఫిబ్రవరి 29 లేదు. కనుక నాలుగేళ్ళకు 1460, అయిదేళ్ళకు 1825 రోజులు రాస్తే సరిపోతుంది. గడువు రాగానే స్క్రిప్ట్ అభ్యర్థులను పోగుచేసి, లెక్కగట్టి, బిరుదును గెలిచినవాడి పేరు మీదికి బదలాయిస్తుంది. రాసింది చదవడానికి సులువు. నడిపించడం కష్టం. అధ్యక్షుడు మధ్యలో చనిపోతే? పట్టుబడి శత్రువు చెరసాలలో ఉంటే? యుద్ధంలో బిరుదే వేరొకరి పాలైతే? ఒక్కో సందర్భానికి ఒక్కో మినహాయింపు రాయాలి. మరిచిపోయిన మినహాయింపు వల్ల పదేళ్ళ పిల్లవాడు దేశాధ్యక్షుడైన ఆటలు ఈ రంగంలో వింత కాదు.

2014, 2015 సంవత్సరాల్లో మరికొన్ని తలుపులు తెరుచుకున్నాయి. 2014 మార్చిలో రాజాస్ ఆఫ్ ఇండియా విస్తరణ భారతదేశాన్ని పటంలో చేర్చింది. ఆట సంస్కృతుల జాబితాలో తెలుగు కూడా చోటు చేసుకుంది, ఆట మాత్రం అధికారికంగా తెలుగు భాషలో రాలేదు. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన చార్లెమేన్‌తో వైస్రాయ్ పద్ధతి అమలైంది. చక్రవర్తి ఇచ్చిన బిరుదు, గ్రహీత చనిపోగానే, తిరిగి చక్రవర్తికే చేరుతుంది, కొడుక్కి పోదు. పెద్ద బిరుదు కూడా వారసత్వం లేని ఉద్యోగం కావచ్చన్న ఊహ ఆటలో బలపడింది. కేంద్రం నియమించే గవర్నర్లకు మాడర్లు దీన్ని అరువు తెచ్చుకున్నారు. 2015 నాటి హార్స్ లార్డ్స్ సంచార ప్రభుత్వాన్ని చేర్చింది. ప్రభుత్వ రకాలు ఫైళ్ళలో విడివిడిగా రాసుకునే వస్తువులుగా రూపుదిద్దుకున్నది ఈ దశలోనే. ఏ ప్రభుత్వం కోటను పాలిస్తుంది, ఏది నగరాన్ని పాలిస్తుంది అన్నది ముఖ్యం. ప్రజాస్వామ్య దేశపు పాలకుణ్ణి కోటలో ఉంచితే ఆట అతణ్ణి ఫ్యూడల్ ప్రభువుగానే చూస్తుంది, నగరం అతని అసలు స్థానమని చెప్పాలి. 2016 ఫిబ్రవరిలో కాన్‌క్లేవ్ వచ్చి రాజమండలికి యుద్ధాల మీద, చట్టాల మీద ఓటు హక్కునిచ్చింది. కేబినెట్ అనదగినది అప్పటికి దొరికింది.

ఓటర్లు లేని ఎన్నికలు

ఇన్ని వచ్చినా ఒక లోటు తీరలేదు. రెండవ భాగంలో జనం లేరు. పటం మీద కౌంటీలున్నాయి, వాటికి ప్రభువులున్నారు, తిరుగుబాటు చేసినప్పుడు మాత్రం రైతులు సైన్యంగా కనిపిస్తారు. సార్వత్రిక ఓటు హక్కు ఇవ్వడానికి ఎవరూ లేరు. విక్టోరియా ఆటల్లో వృత్తి, మతం, ప్రాంతాలవారీగా జనాభా లెక్కలుంటాయి, ఇక్కడ అది శూన్యం. అందుకే ఈ మాడ్లలో ఎన్నిక అంటే ప్రభువుల ఓటు, లేదా పాచికల వంటి యాదృచ్ఛిక లెక్క. మూడవ భాగంలో ప్రతి కౌంటీకి పాలకుడి మీద ప్రజాభిప్రాయం అనే అంకె ఉంది. దాన్ని ఓట్ల లెక్కకు ఆధారం చేసుకోవచ్చు. ఇది నిజమైన ఓటరుకు చాలా దూరమే, అయినా కొంత నయం.

మతం విషయంలో కథ వేరుగా సాగింది. ఆటలో ప్రతి పాత్రకు ఒక మతం ఉండి తీరాలి. కమ్యూనిజాన్ని, ఉదారవాదాన్ని, జాతీయవాదాన్ని ఎక్కడ పెట్టాలన్నప్పుడు మతానికి కేటాయించిన చోటే అనువుగా కనిపిస్తుంది. మతమార్పిడి, మతయుద్ధం, పాషండం అన్నీ అక్కడ సిద్ధంగా ఉన్నాయి. మూడవ భాగంలో ఒక్కో మతానికి మూడు మూలసూత్రాలు ఎంచుకునే వీలుంది కనుక ఈ పని మరింత సులువైంది. ఒక సిద్ధాంతంలోని అసమ్మతివాదులను పాషండులుగా చూపడం ఇరవయ్యవ శతాబ్దపు చరిత్రకు అంత దూరమేమీ కాదు.

ఆఫ్టర్ ది ఎండ్

ఈ శాఖలో అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చుకున్న మాడ్ సమస్యను తలకిందులు చేసింది. రెండవ భాగానికి వచ్చిన ఆఫ్టర్ ది ఎండ్ కథ 2666లో, ఉత్తర అమెరికాలో మొదలవుతుంది. పేరు చెప్పని ఒక మహావిపత్తు తరువాత నాగరికత కూలి, ఖండం మళ్ళీ మధ్యయుగంలోకి జారింది. కాలిఫోర్నియాలో చక్రవర్తి ఉంటాడు. అమెరికా స్థాపకులను దైవాలుగా కొలిచే మతం ఒకటుంటుంది. పాత గణతంత్రం పురాణమైపోయింది, దాని పదవుల పేర్లు రాజబిరుదులుగా మిగిలాయి.

మధ్యయుగపు యంత్రాన్ని ఆధునిక ప్రభుత్వానికి సరిపడేలా వంచే బదులు, ఆధునిక ప్రభుత్వం శిథిలాలను ఆ యంత్రానికి సరిపడేలా రాసుకున్నారన్నమాట. గవర్నరు పదవి తండ్రి నుంచి కొడుక్కి పోతే ఈ కథలో అది లోపం కాదు, కథే అది. పేరు మార్పిడి పద్ధతి మీద ఉన్న విమర్శ అంతా ఇక్కడ చెల్లదు. కేవలం నేటి పటాన్ని, నేటి నాయకులను తెచ్చి ఆటలో గుచ్చిన మాడ్ల కంటే ఇది ఎక్కువ కాలం నిలిచిందంటే కారణం ఈ వివేకమే. తరువాత దీన్ని మూడవ భాగానికీ తెచ్చారు.

మూడవ భాగం

2020లో మూడవ భాగం వచ్చినప్పుడు ఫ్యూడల్, క్లాన్, గిరిజన ప్రభుత్వాలే ఆడదగినవి. గణతంత్రాలు పటం మీద ఉన్నా ఆటగాడికి అందలేదు. వెనిస్ భవనంతో సమస్య తీర్చుకున్న మాడర్లు ఒక అడుగు వెనక్కి వేయవలసివచ్చింది. స్త్రీపురుషులిద్దరికీ సమాన వారసత్వాన్ని ఆట నియమాల్లోనే ఎంచుకునే వీలు, సామంతులతో ఒప్పందాలను విడివిడిగా మార్చుకునే వీలు మాత్రం లాభించాయి.

2024 సెప్టెంబరులో వచ్చిన రోడ్స్ టు పవర్ ఈ చరిత్రలో పెద్ద మలుపు. బైజాంటైన్ సామ్రాజ్యం కోసం పాలనాధికార ప్రభుత్వం అనే కొత్త రకాన్ని అది తెచ్చింది. అందులో గవర్నర్ పదవి నియామకంతో వస్తుంది, అభ్యర్థులు పలుకుబడి ఖర్చుపెట్టి పోటీపడతారు, పదవి పోయినా కుటుంబానికి సొంత ఎస్టేటు మిగులుతుంది. వెనిస్ కుటుంబ భవనమే పదకొండేళ్ళ తరువాత కొత్త బట్టల్లో తిరిగివచ్చింది. పైగా భూమి లేని పాత్రగా దేశాలు తిరుగుతూ ఆట కొనసాగించే వీలు కలిగింది. ప్రవాసంలో ఉన్న మాజీ ప్రధానిని ఆడించాలంటే ఇంతకుముందు మాడర్ ఎన్నో అబద్ధాలు ఆడవలసివచ్చేది. 2025 అక్టోబరులో ఆల్ అండర్ హెవెన్ చైనాను, పరీక్షలతో, ప్రతిభతో పైకి వచ్చే అధికారగణాన్ని చేర్చింది. జన్మతో కాక పరీక్షతో పదవి వచ్చే పద్ధతి ఆధునిక ఉద్యోగవ్యవస్థకు చాలా దగ్గర.

ఈ రెండు విస్తరణలతో మాడర్ల పాత ప్రశ్నకు చాలావరకు అధికారిక జవాబు దొరికినట్టే. వారసత్వం లేని పదవి, నియామకం, భూమి లేని రాజకీయం ఇప్పుడు ఆట లోపలే ఉన్నాయి. మిగిలిన లోటు ఓటరు. అతను ఈ ఆటలోకి రావాలంటే ఆట యంత్రమే మారాలి, మాడ్‌తో అయ్యే పని కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కొత్తగా ప్రయత్నించదలచినవారు ఆట అసలు ఫైళ్ళను ముట్టుకోకుండా మాడ్ ఫోల్డరులో సొంత ప్రతి పెట్టుకోవాలి, లేకపోతే తరువాతి అప్‌డేట్ చేసిన పనినంతా చెరిపేస్తుంది. ప్రభుత్వాల ఫైలు కంటే ముందు వారసత్వ చట్టాల ఫైలు చదవండి. పదవి ఎవరికి పోతుందో అక్కడ తేలాకే మిగతాది రాయడం మొదలుపెట్టండి.